అడుగు రంగు

అయనావరంలో మూడో అంతస్తు మిద్దె మీద
తెల్లారి ఆరున్నరకు, ఎండ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే
కోడిని చంకలో ఇరికించుకుని
వీపు ఈకల్లోకి ఊదుతాను.
ఈకలు విచ్చుకుంటాయి.
పైన ఎంత నిగనిగలాడినా నాకు లెక్కలేదు,
చర్మాన్నంటిన నూగులో
ఎరుపుందా, బూడిదుందా,
చూడాల్సింది అదీ.

కోచ్ ఫ్యాక్టరీ పెయింటు షాపులో
ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి.
రైలుపెట్టెకు మెరూను కొట్టేముందు రెడ్ ఆక్సైడు పూస్తాం.
అడుగు కుదరని రంగు రెండు వానలకే పొక్కుతుంది.
కోడికీ అంతే, నూగులో మసి ఉంటే
ఈ ఏడు దాక్కున్నా
మనవల ఈడుకు తేలుతుంది.

పెట్టెలన్నీ నీలమైపోయిన ఏడాది
ఆరు రోడ్ ఐలాండు పిల్లల్ని గంపలో తెచ్చాను.
ఎందుకని రాజ్యం అడిగితే గుడ్లకన్నాను.
నవ్వి ఊరుకుంది.

మొదటి పుంజు మెడ ఈక ఒకటి
జీతం రసీదుల పుస్తకంలో దాచాను.
ప్రతి పిల్లనూ దాని పక్కన పట్టి చూసేవాణ్ణి.
తర్వాత మానేశాను.
షేడు కార్డు లేకుండా డబ్బాలో రంగు కలిపిన చెయ్యి ఇది,
కన్నున్నవాడికి కార్డెందుకు?

ఏటా నలభై పిల్లలు, ఉంచేది ఐదు.
రెక్కలో ఒక్క తెల్లీక వచ్చిందా, ఓటేరి అంగడికే.
తోక నలుపులో పచ్చ మెరుపు రాలేదా, ఓటేరికే.
మెడ ఇత్తడి చెంబులా మెరిసిందా, తిట్టుకుంటూ ఓటేరికే.
ఎందుకో కొన్నేళ్లుగా అన్నీ ఇత్తడివే పుట్టేవి,
ఎవరో పసుపు పులిమినట్టు.
ఇంకా ముదురు, ఇంకా ముదురు అని ఏరుతూ పోయాను.

శ్రావణంలో ఎగ్మోరు కంటాసుపత్రిలో
కుడి కంటి పొర తీశారు.
పట్టీ విప్పితే గోడ సున్నం కళ్లల్లో గుచ్చుకుంది.
ఆకుపచ్చనుకున్న రాజ్యం చీర నీలమట.

మిద్దెక్కాను.
కుడి కంటికి నా మందంతా
నేరేడు తొక్క, ఎండిన నెత్తురు.
ఎడమ కంటికి అదే మంద
పాత మెయిలు బండి మెరూను.
ఒకటి మూసి ఒకటి తెరిచి
ఎంతసేపు నిలబడ్డానో,
బట్టలారేస్తూ రాజ్యం,
"ఈ వయసులో ఎవరికయ్యా కన్ను కొడుతున్నావు?"

పుస్తకం తీసి ఈక బయటపెట్టాను.
ఒక్క కోడీ దానికి సరిపోలేదు.
ఏడేళ్లుగా
నా కంటి పొరకు నప్పే కోళ్లను పెంచానన్నమాట.

అప్పుడు గుర్తొచ్చింది, మూడేళ్ల కింద
లేతదని ఎనభై రూపాయలకు వదిలేసిన పెట్ట.
సందు చివర ఇస్త్రీ బండి కింద
బొగ్గుల మసిలో పొర్లుతోంది.
పట్టుకుని ఊదాను.
పైనుంచి అడుగుదాకా, వేరుదాకా
ఒకే ఎరుపు.

"కుప్పమ్మా, ఐదొందలిస్తా."
"కలెక్టరమ్మను అమ్మను."
"వెయ్యి."
ఆమె ఎవరిదో చొక్కా మీద నీళ్లు చిలకరించి
పెట్టెను చొయ్యిమని లాగింది.
"ఆ రోజు దీని మొహమైనా చూడకుండా ఇచ్చేశావే.
కావాలంటే నీ పుంజును ఇల్లరికం పంపు.
మేత ఖర్చు నీదే."

మూడు వారాలు కర్ర పట్టుకుని
వీధి పుంజులను తరిమాను.
చూసినవాళ్లు పెయింటరు నాయుడికి మతి చలించిందన్నారు.
నాలుగో సోమవారం,
ఉన్నవాటిలో కాస్త లేత పుంజును గంపలో పెట్టి
మూడంతస్తులు దిగాను.
గంప ఎత్తగానే అది రెక్కలు దులిపి,
బండి చక్రాన్ని ఒకసారి పొడిచి,
అల్లుడిలా అటూ ఇటూ చూసింది.

పొదుగులో ఇప్పుడు తొమ్మిది గుడ్లు.
ఎడమ కంటికీ తేదీ వేస్తామని ఆసుపత్రి నుంచి ఫోను.
వచ్చే నెల చూద్దామన్నాను.
నా మెరూను మంద
ఇంకా ఆ కంట్లోనే మేస్తోంది.