మసి కాలుతాది

డ్యాష్‌బోర్డు మీద నారింజ లైటు వెలిగితే
చెంగల్రాయుడు దాని మీద నల్ల టేపు అంటించినాడు.
ఇరవై రెండు రోజులు.
పాలబండి తీసేది మొబ్బులో కదా, కంట్లో గుచ్చుతాదంట.

మురకంబట్టులో నా షెడ్డు ముందర ఆపి
బండి లాగడం లేదన్నా అన్నాడు.
తర్వాత గొంతు తగ్గించి, సంతోషం దాచుకోలేక:
"నూనె మాత్రం తాగడం లేదు. నేను పోయనే లేదు,
గీత దాటి పెరిగింది చూడు!"

పుల్ల తీసినాను.
నిజమే, పై గీతకు వేలెడు ఎత్తున ఉంది.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్దితే
జారింది గానీ పట్టు లేదు.
ముక్కు దగ్గర డీజిల్ వాసన.
"పాలకేంద్రంలో పోయకుండానే క్యాను నిండితే
మొదట దేన్ని అనుమానిస్తావురా?"
వాని మొహం పడిపోయింది.

తవణంపల్లె నుంచి ఐరాల దాకా పద్దెనిమిది ఊర్లు.
రెండో గేరు దాటేలోపల ఇంకో అరుగు, ఇంకో క్యాను,
తాళం తిప్పడం, దిగడం, మళ్లీ తిప్పడం.
పొగగొట్టంలోని జల్లెడకు ఒంట్లో వేడి పుట్టేదెప్పుడు?
పట్టుకున్న మసిని కాల్చుకుందామని
అది కాస్త డీజిల్ జాస్తిగా అడుగుతుంది,
అంతలో వీడు ఆపేస్తాడు.
కాలని డీజిల్ గోడలెంబడి జారి
నూనెలో చేరుతుంది. అదీ పెరిగిన ఐశ్వర్యం.

పాత నూనె దించితే
బకెట్లో సద్దు లేకుండా పడింది.
పలమనేరులో లూజుగా కొన్నాడంట,
లీటరుకు నూట పది మిగిలిందంట.
"మసి కాలుతాది, బూడిద కాలదు.
ఆ నూనె జల్లెడలోకి పోయి బూడిదై కూర్చుంటాది,
దాన్ని ఏ మంటా లేపలేదు.
డబ్బా మీద సీకే-ఫోర్ అని ఉందా లేదా చూసుకో,
తెలీకపోతే నీ కూతుర్ని చదవమను."
రేటెంతన్నాడు. చెప్పినాను.
కాసేపు ఎదురుగా ఉన్న టీ అంగడి వైపు చూసినాడు.

ఈ షెడ్డు దస్తగిరి సాయిబుది.
ఆయన కాలంలో లారీలకు జల్లెడలు లేవు.
గ్రానైటు లారీని రేసు చేయించి
సైలెన్సరు వెనక నిలబడి, పొగను చూసి జబ్బు చెప్పేవాడు.
నీలమైతే రింగులు, తెలుపైతే నీళ్లు,
నలుపైతే నాజిల్.
ముప్పై ఒక్క ఏళ్లు తప్పు చెప్పలేదు.
చివరి రోజుల్లో చేతిగుడ్డలో దగ్గి,
మడత విప్పి నాకు చూపించి
"నాజిల్" అని నవ్వినాడు.

రాత్రి తొమ్మిదికి, కొత్త నూనెతో, ఖాళీ క్యాన్లతో
బెంగుళూరు రోడ్డెక్కినాము.
ముల్లు రెండున్నర వేల మీద ఉండాల,
కాలు తీయద్దు అన్నాను.
బంగారుపాళెం దాటేసరికి బండి కింద నుంచి
కాలిన ఇనుము వాసన.
వెనక క్యాన్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటా ఉన్నాయి.
వాడు టీకని పక్కకు తిప్పబోయినాడు,
మామిడితోపు అంచున ఎండాకుల మీదికి.
స్టీరింగు పట్టుకున్నాను.
"కింద నిప్పు ఉంది. ఆకుల మీద ఆపొద్దు.
సగంలో అసలే ఆపొద్దు."

మొగిలి ఘాటు ఎక్కతా ఉండగా
గోటితో టేపు గీకినాడు.
కింద చీకటి.
లైటు ఎప్పుడు ఆరిందో
ఇద్దరమూ చూడలేదు.

తిరుగుదారిలో మాటల్లేవు.
టేపు జిగురు మాత్రం పోలేదు,
కిరసనాయిలు గుడ్డతో తుడుస్తాలే అన్నాడు.
నాలుగింటికి తవణంపల్లెలో మొదటి క్యాను.
"వారానికొక తూరి అరగంట
ఇట్ల రోడ్డెక్కించి తీసుకురా" అన్నాను.
"ఊరకేనా? పనేమీ లేకుండానా?"
"అదే పని."