పేజీకి ఇరవై రూపాయలు

చిక్కడపల్లి లైబ్రరీ ఎన్క గల్లీల
పిండిగిర్నీ పక్కపొంటి నా దుకాణం.
జిరాక్స్, లామినేషన్, తెలుగు టైపు.
దరఖాస్తులు కొట్టిన, పెండ్లిపత్రికలు కొట్టిన,
దశదినకర్మ కార్డులు సుత కొట్టిన.
గని కథలు రాసేటోళ్ల అసుంటి గిరాకీని
ఏడ జూడలే.

పద్మనాభం సారు చేతిరాత చీమల బారు.
రెండు మాటలకోసారి మూడు చుక్కలు వెడతడు.
"ఈ చుక్కలెందుకు సారూ?" అంటే
"అక్కడ పాఠకుడు ఆలోచించాలోయ్" అంటడు.
నేను ఆలోచించిన.
చుక్కలు తీసేస్తే పదకొండు పేజీలు తొమ్మిదైతయి,
నాకు నలబై రూపాయలు లాసు.
ఉంచిన.

కౌముది మేడం వాన వడితెనే రాస్తది.
అశోక్‌నగర్ల మోరీ పొంగి
మోకాళ్ల దాంక నీళ్లొస్తే
జనం బకెట్లు వట్టుకుంటరు,
మేడం పెన్ను వట్టుకుంటది.
ఆమె కథల మోరీ ఉండది.
మట్టివాసనే.

ఆ మేడమే ఒకనాడు
నవల అచ్చుకు వొయ్యే ముందు, రాత్రి పదిన్నరకు ఫోన్ జేసింది.
"ఓదెలూ, కథానాయిక పేరు లత వద్దు, వైదేహి చెయ్."
"ఇప్పుడేమైంది మేడం?"
"మాకు కాబోయే వియ్యపురాలి పేరు లతట. ఇవాళే తెలిసింది."
ఒక్క మీట నొక్కి పండుకున్న.
తెల్లారి జూస్తే
ఆమె కళ్లలో ఏదో కవైదేహి.
టైలరు వచ్చి కొవైదేహిలు తీసుకున్నాడు.
గోడ మీద పూలవైదేహి గాలికి ఊగుతోంది.
పొద్దుమూకేదాంక కూసొని
ఒక్కొక్క వైదేహిని వట్టుకొచ్చి మల్ల లతను జేసిన.
ఒక్క కవైదేహి మాత్రం తప్పించుకొని పుస్తకంలకు వొయ్యింది.
ఇయ్యాళ్టి దాంక ఎవ్వలు అడగలే.
కవిత్వం అనుకున్నరేమో.

ఇగ విఠల్ సారు.
జహీర్ భాయ్ హోటల్ల మూల టేబుల్ ఆయనదే.
ఒక్క చాయ్, రెండు గంటలు,
చెవులు పక్క టేబుల్ మీద.
ఎవలన్న గట్టిగ ఏడిస్తె
బిల్లు ఎన్కకు మర్లేసి రాసుకుంటడు.
గిర్నీ అండాలు మొగనితోని కొట్లాడుకుంట
సారు కనవడంగనే ఆగుతది.
"కథలాయన వొస్తుండు, పొయ్యినంక తిడత,
అప్పటిదాంక గుర్తుంచుకో."

పోయిన నెల సారు పదహారు పేజీలు దెచ్చిండు.
మూడో పేజీల ఒక టైపు కొట్టేటోడొచ్చిండు.
పేరు కొమురెల్లి అట.
ఎడమ బొటనేలుకు గోరు లేదు. నాకూ లేదు.
రెక్జిన్ చినిగిన కుర్చీ మీద పచ్చ టవలు. నాదీ పచ్చదే.
సరేతీ అనుకున్న. కొట్టుకుంట వొయ్యిన.
పద్నాలుగో పేజీల
కొమురెల్లికి కరెంటు షాకు గొట్టింది.
'క' మీద ఏలు వెట్టి
కీబోర్డు మీదనే సచ్చిపోయిండు.

నా సావు నేనే కొడుతున్న,
పేజీకి ఇరవై రూపాయల లెక్కన.

లేసి, చాయ్ తాగొచ్చిన.
పోర్డుకున్న వైరుకు టేపు జుట్టిన.
ఆ పేరా మొత్తం తీసి, సారు భాషలనే రాసిన:
"కొమురెల్లి ఆ రోజు దుకాణం పెందలాడే కట్టేసి
కూతురికి ట్యాంక్‌బండ్ మీద
మొక్కజొన్న కంకి కొనిచ్చాడు."

సారు ప్రూఫు జూసిండు.
అద్దాలు తీసిండు, తుడిసిండు, మల్ల వెట్టుకుండు.
"ఓదెలూ, ఇది నేనే రాసిన్నా?"
"మీరు రాయకుంటె ఎవలు రాస్తరు సారూ?"
కంకి కాడ చానసేపు ఆగిండు.
నేను ప్రింటర్ల కాగితాలు సదురుకుంట నిలవడ్డ.
"కంకికి జర నిమ్మకాయ, ఉప్పుకారం రుద్దినట్టు కలుపు" అన్నడు.
కలిపిన.

పైసలా?
కథ అచ్చయినంకనట.
పోనీ తియ్యి,
పద్నాలుగో పేజీ దాటినం గద.