మూడొందల పదిహేడు

మిర్యాలగూడ రోడ్డు మీద మూతపడ్డ పత్తి మిల్లు.
ఏడాదికోసారి దాని గోడలకు మేకులు దిగుతయి.
ఎవరైనా బొమ్మ పంపొచ్చన్నరు,
నల్లగొండ జిల్లా అంతా పంపినట్టే ఉన్నది.

నాది దొరకడానికి ముప్పావు గంట పట్టింది.
స్విచ్‌బోర్డు పైన,
ఫ్యాను రెక్క నీడ తిరిగినప్పుడల్లా
చెరిగిపోయి మళ్లొస్తున్నది.
తోడొచ్చిన ఇద్దయ్య మామ తలెత్తి చూసి
"మంచిగనే ఉన్నది" అన్నడు,
పెండ్లిల పప్పు గురించి అన్నట్టు.

పాత తూకం కాటా పక్కన మాత్రం ఆగిండు.
గోనె గుడ్డకు పూసిన మట్టి, అంతే.
పైన ఎరుపు, తర్వాత చాలా దూరం బూడిద,
అడుగున పచ్చి నలుపు.
నేను చీటీ చదువుతున్న:
మూడొందల పదిహేడు, పేరు పెట్టలేదు, అమ్మకానికి లేదు.
ముప్పై ఏండ్లు బోరు బండి మీద నిలబడ్డ మనిషి
మట్టిని చదువుతున్నడు,
వేలు గాలిల పైనుంచి కిందికి దించుకుంట.
"ఇది అరవై ఫీట్లు. ఇది రెండొందలు.
ఇగో ఈడ రాడ్డు సప్పుడు మారుతది.
ఇది ఐదొందల ఎనభై."
కొంచెం ఆగి,
"నీళ్లు పడలే."

మెడల కార్డు ఏసుకున్న పిల్ల
ప్లాస్టిక్ కుర్చీల నుంచి లేచింది.
"ఆరొందల ఇరవై" అన్నది. "చండూరు కాడ. మా చేన్ల."
ఏ బండి వచ్చిందని ఆయన అడగలే.
ఆమె చెప్పలే.

బయటికొచ్చే తోవల రిజిస్టరు.
అభిప్రాయం గడిల అందరూ సూపర్ అని రాసిండ్రు.
మామ పెన్ను అడుక్కొని
317 అని ఏసి, పక్కన
"నలభై ఫీట్లు తక్కువ చెప్పిన" అని రాసి
సంతకం పెట్టిండు.