రీటచింగ్

మట్టెవాడల నలభై ఏండ్లు
మనుషుల మొఖాల మీద మచ్చలు తుడిచిన బతుకు నాది.
నెగటివ్ కింద దీపం పెట్టి
సన్నగ చెక్కిన పెన్సిల్ మొనతోటి
మొటిమ, అమ్మవారు పోసిన గుంట, దుమ్ము రేణువు...
చుక్క కనవడితే చెయ్యి ఊకోదు.

బైండింగు షాపు ఖాదర్ బిడ్డ నుస్రత్
మొన్న లాప్‌టాప్ సంకల పెట్టుకొని వచ్చింది.
ఎక్కడిదో దుర్భిణి తీసిన నాలుగు ఫొటోలు,
ఆకాశంల ఒక్క జాగనే,
ఏడెనిమిది నిమిషాలకొకటి.
"కాకా, నీ కండ్లు గావాలె" అన్నది.
వేల చుక్కలు. అన్నీ ఉన్నకాడనే ఉన్నయి.
నేను దుమ్మనుకున్నదొక్కటి
నాలుగు ఫొటోలల్ల నాలుగు అడుగులు జరిగింది.

రాయేనట.
అంగారకునికి గురునికి నడుమ తిరుగుతదట,
నాలుగేండ్లకో ఐదేండ్లకో ఒక సుట్టు,
లెక్క ఇంక తేలలే.
మన పద్మాక్షి గుట్టంత ఉంటదో లేదో.

"పేరేం పెట్టినవు బిడ్డా?" అంటే నవ్వింది.
మనకైతే ఇరవై ఒకటో నాడు తొట్టెలేసి
చెవుల పేరు చెప్తరు.
దానికట్ల కాదు.
ఇప్పటికైతే ఒక ఏడు, రెండక్షరాలు, ఓ అంకె,
కిరాయి ఇంటి నంబరు లెక్క.
ఏండ్ల తరబడి మళ్ల మళ్ల అగుపడాలె,
తొవ్వ తప్పదని తేలాలె,
అప్పుడు పక్కా నంబరు,
ఆ తర్వాత పేరు.
అదిగూడ ఇంగ్లీషుల పదహారక్షరాలు దాటొద్దు.

"అప్పటిదాక ఎవలూ చూడకపోతే?"
"దొరికి గూడ పోయినయి మస్తున్నయి కాకా."

ఆ మాటకు యాదికొచ్చింది.
ఎనుమాముల మిర్చి యార్డు హమాలీ పెండ్లాం,
పెనిమిటి పదో దినానికి పెద్ద ఫొటో అడిగింది.
గదువ మీది మచ్చ నేనే తీసేసిన,
అడగకపోయినా, సొగసుగ ఉంటదని.
ఫ్రేము పట్టుకొని శానసేపు చూసింది.
"మంచిగున్నడు సారూ. గని ఈయన మావోడు కాదు."
పైసలు ఇచ్చే పోయింది.
ఫొటో బల్ల మీదనే ఉండె.

రాత్రి అటక మీది డబ్బాలు దించిన.
కవరు మీద 417 అని ఉంది. పేరు రాసుకోలే.
నెగటివ్‌ల మొఖం నల్లగ, మచ్చ తెల్లగ ఉంటది,
ఆ తెలుపునే నేను పెన్సిల్ పొడితోటి పూడ్చిన.
దూదికి టర్పెంటైన్ అద్ది
మెల్లగ రాసిన.

గదువ మీద చుక్క పొడిచింది.

పేరు కోసం రేపు ఎనుమాముల పోవాలె.