ఇప్పుడు తినమంటున్నారు

ఇరవై ఏళ్ళు ఈ మనిషి నోటికి కాపలా కాశాను.
బుకోమ్ సందుల్లో పొయ్యిలు రాజుకునే వేళ
కిటికీలు మూసేసి కూర్చోబెట్టేవాణ్ణి,
కెంకే ముద్దల పులిసిన వాసన కూడా
ఒంటికి పడుతుందేమోనని.
తూకానికి ముందు రోజు
రబ్బరు చొక్కా తొడిగి సముద్రపొడ్డున పరిగెత్తించి,
డబ్బాలో ఉమ్మించి ఉమ్మించి,
పిండి ఆరేసిన గుడ్డలాంటి మనిషిని
డెబ్బై తొమ్మిది కిలోల గీత మీద నిలబెట్టేవాణ్ణి.

గీత దాటేవాడు కాదు. అందుకే ఛాంపియన్.

ఇప్పుడు తినమంటున్నారు.
నలభయ్యో ఏట అయిక్వే ఒలెన్ను
హెవీవెయిట్‌తో తలపడతాడట.
చేపల సంత గోడ నిండా పోస్టర్లు.
ఎందుకురా అన్నాను.
"కింద ఇంకెవరూ మిగల్లేదు, ముసలోడా" అన్నాడు.
అబద్ధం. కింద బోలెడు మంది కుర్రాళ్ళున్నారు,
మెరుపుల్లాంటి వాళ్ళు.
వాళ్ళ చేతులు వీడికి కనబడటం మానేశాయి.
పెద్ద ఒళ్ళువాళ్ళు నిదానం. నిదానమైతే కనబడుతుంది.
ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు,
పేపర్ల వాళ్ళకి తెలియదు.

పొద్దున్నే దేదే ఆరు గుడ్లు పగలగొడుతుంది.
తొమ్మిదింటికి కెంకే, వేపిన చేప, షిటో కారం.
మధ్యాహ్నం పామాయిల్ పులుసులో మేక మాంసం.
వాడికి తినడం రావడం లేదు.
సగం ముద్ద దగ్గర చెయ్యి తనంతట తనే ఆగిపోతుంది,
గంట కొట్టినట్టు.
"ఇన్నేళ్ళూ నీకు వండలేదనుకున్నావా?" అంది దేదే.
"రోజూ నీ వాటా వండి ఎదురింటి పిల్లలకి పెట్టాను.
చూడు, ఎలా ఎదిగారో."
ఎవరం నవ్వలేదు.

తర్వాత నవ్వాం.

హోమోవోకి ముందు నెల రోజులు
ఊళ్ళో డప్పు మోగకూడదు.
సంచీని గుద్దినా చప్పుడే గదా అని
గోడ మీది నీడతోనే కొట్లాట.
అయిక్వే నీడ లావెక్కింది.
వాడికంటే ముందు అదే హెవీవెయిట్ అయింది.
ఆపైన పండుగ:
ఒకప్పటి కరువుని తలుచుకుని
మా గా జనం ఆకలిని వెక్కిరించే రోజు.
వీధి వీధంతా వెక్కిరించింది.
అయిక్వే మాత్రం ఊరుకున్నాడు,
పాత స్నేహితుణ్ణి పదిమందీ ఆడిపోసుకుంటుంటే
పక్కన నిలబడ్డవాడిలా.

తూకం.
బల్గేరియా కుర్రాడు త్స్వెతాన్, నూట పదమూడు కిలోలు.
మావాడు తొంభై ఒకటి. అందులో
రెండు లీటర్ల నీళ్ళు,
మేజోళ్ళలో వలకి కట్టే సీసపు గుండ్లు నాలుగు.
నేనే పెట్టాను.
ఇన్నాళ్ళూ బరువు దొంగిలించిన చేతులివి.

ఎనిమిదో రౌండు అయ్యేసరికి ఎడమ కనుబొమ్మ తెరుచుకుంది.
అది నాకు తెలిసిన దారే.
లాగోస్‌లో ఒకసారి, మార్సెయ్‌లో ఒకసారి
ఈ వేళ్ళతోనే మూశాను.
దూది అదిమిపెట్టి అడిగాను: "కనబడుతోందా?"

"కనబడుతోంది" అన్నాడు.
"వాడి చెయ్యి బయల్దేరడం, దారిలో ఉండటం, వచ్చేయడం,
అంతా. ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదు.
తప్పుకుందామంటే
ఈ ఒళ్ళు ఇంకెవరిదో."

తువ్వాలు నా భుజం మీదే ఉంది.
నేను విసిరానా, రిఫరీయే ఆపాడా
అన్నది బుకోమ్‌లో ఇప్పటికీ తగాదా.
బీరు పోయించి అడిగినవాళ్ళున్నారు.
చెప్పను.

తెల్లారేసరికి పడవలు ఒడ్డుకొస్తున్నాయి.
దేదే పొయ్యి పక్కన పీట మీద
వాచిన పెదవుల్తో అయిక్వే
ఒక కెంకే తిన్నాడు, ఇంకోటి తిన్నాడు.
కారం తగిలినప్పుడల్లా తిట్టాడు,
త్స్వెతాన్ని కాదు, మిరపకాయల్ని.
చెయ్యి ఎక్కడా ఆగలేదు.
మూడోదాని పొత్తాకు వాడు విప్పుతుంటే
అలవాటు చొప్పున నేను లెక్కపెట్టుకున్నాను,
పెదవి కదపకుండా.