ఏమీ పారని గొట్టం

ముసఫ్ఫా, పదకొండో నంబరు షెడ్డు.
బయట నలభై ఏడు డిగ్రీలు. లోపల ఏసీ ఉంది,
మాకోసం కాదు, ఇన్‌కొనెల్ గొట్టాల కోసం.

పన్నెండేళ్లు చమురు పారే పైపులు అతికాను,
నీళ్లవి, ఆవిరివి, ఒకసారి రువైస్‌లో
పేరు చెప్పని ఆసిడ్‌వి.
ఇది వేరు. ఇందులోంచి ఏదీ పోదు.
ఏమీ లేకపోవడాన్ని
పదకొండు వందల డిగ్రీల దగ్గర కాపలా కాయాలి, అంతే.
"ఖాళీకి కూడా పైప్‌లైనేట్రా!"
మొదటిరోజు ఢిల్లీశ్వర్రావు నవ్వీ నవ్వీ దగ్గాడు.

తొడుగుల మీద తొడుగులు.
అసిటోన్‌తో తుడుపు, మళ్లీ తుడుపు,
పెళ్లికొడుకుని చేసినట్టు.
రెండు కొసలూ రేకుతో మూసి, సూదిబెజ్జం వదిలి
లోపలికి ఆర్గాన్ పంపిస్తాను.
ఉన్న గాలి పోయేదాకా ఆగుతాను.
అప్పుడే నిప్పు.
తీగ లేదు, అంచుని అంచులోకే కరిగించాలి,
ఊపిరి బిగబట్టి, బియ్యపుగింజంత,
ఆగి, మళ్లీ అంత.
అతుకు వెండిలా వస్తే మంచిది, గడ్డిరంగైనా పరవాలేదు.
నీలం తిరిగిందా, లోపల పలుకులు కట్టేసినట్టే.
"షుగరొచ్చింది" అంటాం.
ఇక కోసెయ్యడమే, కాలివేలు తీసేసినట్టు.

నాలుగో గొట్టం వెండిలా వచ్చింది.
రోడెల్ హీలియం పట్టుకొచ్చి
అతుకు చుట్టూ తిప్పాడు, దిష్టి తీస్తున్నట్టు.
ముల్లు కదల్లేదు. చిల్లు లేదు.
అయినా అంకె దిగదు.
ఒక రోజు. రెండు రోజులు.
పంపు లాగుతూనే ఉంది,
లోపలెవరో వదుల్తూనే ఉన్నారు.

విప్పి టార్చి వేశారు.
అంచుకి రెండంగుళాల లోపల
బొటనవేలంత చమురు మరక, వేడికి గోధుమరంగు తిరిగి.
"ఎవరు ముట్టారు?"
ఎనిమిదిమందిమీ చేతులు చాపాం.

నా వేళ్లకి గీతల్లేవు.
గ్రైండింగు రాయి ఎప్పుడో తినేసింది.
గేటు దగ్గర మిషను రోజూ ఎర్రదీపం వేస్తుంది,
వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాసుకుంటాడు.
ఎయిర్‌పోర్టులో నాలుగుసార్లు తుడిపించి
చివరికి కళ్లు చూసి పంపారు.

ఏ రాత్రి షిఫ్టులో
తొడుగు తీసి చెమట తుడుచుకున్నానో.

బెనెడిక్ట్ సారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.
"ఒక్క గీత లేదు. ఎవరిదో ఎలా చెప్పగలం?"

"గీతల్లేవు కాబట్టే నాది సార్,"
అన్నాను, తెలుగులో.
కోత మిషను అందుకున్నాను.

ఢిల్లీశ్వర్రావు ఒక్కడికే అర్థమైంది.
ఈసారి నవ్వలేదు.