తొలి దెబ్బ ఖాళీ

పేపర్ల ఆయన ఫోటో చిన్నగేసి
మీద అక్షరాలు పెద్దగేసిండ్రు.
ఇంగ్లీషు నాకు రాదు,
మా రూముల కేరళ సైదాలి చదివి చెప్పిండు:
గొంతు పోయిందంట, సుతి తప్పిందంట,
డెబ్బై మూడేండ్ల ముసలోడు
ఇంక పాట బందు పెడితె మర్యాదంట.

నేను దూడం రాజేశాన్ని.
మనామాల, గుదైబియా గల్లీ చివర హోటల్ల
సౌండు డబ్బా కాడ కూసునేటోణ్ని.
వీసా మీద మాత్రం క్లీనరు అని ఉంటది.
రాసినాయన స్టేజి ముంగట కూసున్నడు,
నేను ఎనుక, వైర్ల నడుమ.
ఎనుకనించి కనబడేది వేరె.

సిరిసిల్లల పద్నాలుగేండ్లు సాంచెలు నడిపిన చెవులు నావి.
యాబై సాంచెలు మోగుతుంటె
ఏ సాంచె కాడ పోగు తెగిందో
నిద్రల సుత చెప్తుంటి.
జమైకా నుంచొచ్చిన లెన్‌వర్త్,
నడుము దాక జడలు, శివసత్తి లెక్క,
పేరు నోరు తిరగక మేం జడల తాత అన్నం.
ఆయన పాట మొదటిసారి ఇన్న నాడు
పోగే తెగిందనుకున్న.
తొలి దెబ్బ పడాల్సిన కాడ ఏం పడలే.
ఉరికి బటన్లన్ని చూసిన.
తాత నవ్విండు.
చెయ్యి గాలిల లేపిండు, దించలే.
గది ఖాళీ, నీ కోసం విడిచిన, అన్నట్టు
నా ఛాతి మీద ఏలు పెట్టిండు.
ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు,
ఎట్ల సమజైందని అడగకుండ్రి.

ఆరేండ్లు ఆ ఖాళీల కూసున్న నేను.
ఒక్కో రాత్రి ఏజెంటు బాకీకి మిత్తి లెక్క కట్టుకుంట,
ఒక్కో రాత్రి ఉత్తగ.

తాగుతడని రాసిండ్రు. తాగుతడు.
గ్లాసు నేనే అందిచ్చిన.
లండన్ల పెద్దపెద్దోళ్ల పక్కన వాయించిన్నని
గప్పాలు కొట్టిండంట. కొట్టిండొచ్చు.
చూడంది నేను చెప్ప.

గని ఆ శుక్రారం నాకెర్క.

పాడేటోని కాళ్ల కాడ ఒక స్పీకరు ఉంటది.
జనానికి కాదు అది.
వాని గొంతు వానికి ఇనబడేటందుకు,
అద్దం లెక్క.
మూడొద్దుల సంది బుస కొడుతుంటె
నేనే ఇప్పిన, నేనే టంకం పెట్టిన,
కొత్తది అవసరం లేదు సార్ అని
మేనేజరుతోని నేనే అన్న.
రెండో పాటకు టంకం ఊడింది.
ముంగట పెద్ద పెట్టెలు మోగుతనే ఉన్నయి,
ఎవ్వరికి తెల్వలే.
తాతకు తాత ఇనబడుతలేడు.
కరెంటు పోయిన షెడ్డుల
చేతి తడుముడుతోని పోగులతికినట్టు
ఆ రాత్రంత పాడిండు.
ఒక్కసారి నా దిక్కు చూసిండు.
మల్ల చూడలే.

ఏమైందని మేనేజరు అడిగితె
గొంతు మీద చెయ్యి పెట్టి,
వయసు, అన్నడు.
నా దిక్కు చూపిస్తె అయిపోవు.
క్లీనరు వైర్లెందుకు ముట్టిండని
తెల్లారేసరికి నా పాస్‌పోర్టు బల్ల మీదుండేది,
ఎనుకకు టికెట్టు.

పేపరొచ్చినంక పోయి కాళ్లు పట్టుకోబోయిన.
బంగ్లావోళ్ల చాయ హోటల్ల
ఖుబ్బూసు చాయల ముంచుకుంటున్నడు.
ఖల్లివెల్లి, అన్నడు.
ఆయనకొచ్చిన అరబ్బీ అదొక్కటే.
మా తాన ఖల్లివెల్లి అంటె
కంపెనీ విడిచి పారిపోయినోడు.
ఆయన అన్నది పోనియ్ అని.
నాకు మాత్రం రెండు తీర్ల ఇనబడ్డది.

స్పీకరు మంచిగ చేసిన. ఈసారి రెండు టంకాలు.
మోగుతుంది.
తాతనే పిలుస్తలేరు.

గందుకే సైదాలిని పక్కన కూసోబెట్టుకున్న,
నేను చెప్పింది ఆయన ఇంగ్లీషుల రాస్తున్నడు.
ఎంత చిన్నగేసినా మంచిదే, ఎయ్యుండ్రి:
గొంతు పోలే.
పోయింది టంకం.
టంకం పెట్టినోని పేరు పైన చెప్పిన.